ప్రాజెక్టు పెడితే ఎంత, పెట్టకపోతే ఎంత?

పోయిన సంచికలో ఎన్‌పీవీ (ప్రాజెక్టులో వచ్చే పోయే డబ్బంతా ఈరోజు విలువలోకి మార్చి లెక్కేస్తే మిగిలేది) గురించి రాస్తూ "క్యాష్ ఫ్లోలు తెలుసు అనుకుందాం" అని ఒక్క ముక్కలో దాటేశాను. తర్వాత వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఆ ముక్క మీదే ఉన్నాయి. నిజమే కదా, డిస్కౌంట్ చేయడం, అంటే రేపు వచ్చే డబ్బుని ఈరోజు విలువకి తగ్గించడం, ఎక్సెల్‌లో ఒక ఫార్ములా, అది ఎవరైనా చేస్తారు, కానీ ఆ గడుల్లో పెట్టే అంకె ఏది, ఏది పెట్టకూడదు, అసలు అది ఎక్కణ్ణుంచి తేవాలి అన్న దగ్గరే ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు కూడా తడబడతారు. ఈసారి పేజీ మొత్తం దానికే.

జవాబులు చదివే ముందు ఒక్క మాట. కింద ఏ ప్రశ్న వచ్చినా నేను చేసేది ఒకటే, కాగితం మీద రెండు వరసలు గీస్తాను. ఈ ప్రాజెక్టు పెడితే కంపెనీ మొత్తానికి వచ్చే పోయే డబ్బు ఒక వరస, పెట్టకపోతే వచ్చే పోయే డబ్బు ఇంకో వరస. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలేదే ఇంక్రిమెంటల్ క్యాష్ ఫ్లో. చాలామంది "ముందు ఎంత ఉంది, తర్వాత ఎంత ఉంటుంది" అని లెక్కేస్తారు, అక్కడే దెబ్బతింటారు, ఎందుకంటే ప్రాజెక్టు పెట్టకపోయినా లోకం ఈరోజు ఉన్నట్టే ఆగిపోదు.

ప్రశ్న: కొత్త ప్రొడక్టు ఒకటి పెట్టాలా వద్దా అని రిపోర్ట్ తయారు చేస్తున్నాను సార్, ఇంటర్న్‌షిప్‌లో భాగంగా. మార్కెట్ సర్వేకి ఒక ఏజెన్సీతో 3 లక్షలకి ఒప్పందం అయింది, సర్వే రిపోర్ట్ కూడా వచ్చేసింది. 2 లక్షలు ఇచ్చేశారు, 1 లక్ష వచ్చే నెల ఇవ్వాలి. ఇచ్చేసింది సంక్ కాస్ట్ (అయిపోయి, ఇక వెనక్కి రాని ఖర్చు) కాబట్టి వదిలేశాను, ఇవ్వాల్సింది భవిష్యత్తులో పోయే డబ్బు కాబట్టి లెక్కలో పెట్టాను. మా గైడ్ మాత్రం మొత్తం 3 లక్షలూ పెట్టాలంటున్నారు, ఈ ప్రాజెక్టు కోసమే కదా ఖర్చయింది అని. ఎవరిది కరెక్టు? (ఎంబీఏ విద్యార్థిని)

జవాబు: ఇద్దరిదీ కాదమ్మా, 3 లక్షల్లో ఒక్క పైసా కూడా పెట్టకూడదు. నువ్వు సగం దారి సరిగ్గానే వచ్చావు, కానీ "ఇచ్చేశామా, ఇంకా ఇవ్వాలా" అన్న దగ్గర గీత గీశావు. గీత గీయాల్సింది అక్కడ కాదు. సర్వే అయిపోయింది, రిపోర్ట్ మీ చేతికి వచ్చేసింది, ప్రొడక్టు పెట్టినా పెట్టకపోయినా ఆ ఏజెన్సీకి మిగతా లక్ష ఇవ్వాల్సిందే కదా. అంటే రెండు వరసల్లోనూ అదే లక్ష ఉంటుంది, తీసేస్తే సున్నా. జేబులోంచి ఇంకా పోని డబ్బు కూడా పోయినట్టే లెక్క, దాన్ని ఆపే దారి లేకపోతే. ఒకవేళ ఒప్పందంలో "ప్రాజెక్టు ముందుకి వెళ్తేనే మిగతా లక్ష" అని రాసుకుని ఉంటే అప్పుడు మాత్రం అది లెక్కలోకి వస్తుంది, కాబట్టి ముందు ఆ ఒప్పందం కాగితం తీసి చదువు.

మీ గైడ్ గారి మాట వెనక ఉన్న బాధ నాకు అర్థమవుతుంది, అంత ఖర్చు పెట్టాక అది ప్రాజెక్టు ఖాతాలో కనపడాలి కదా అని. కనపడాలి, పుస్తకాల్లో. ప్రాజెక్టు మొత్తం మీద లాభమా నష్టమా అని చివర్లో వెనక్కి తిరిగి చూసుకునేటప్పుడు ఆ 3 లక్షలు కావాలి. ఈరోజు ముందుకి వెళ్లాలా వద్దా అన్న నిర్ణయానికి అది పనికిరాదు.

ఇది చిన్న కంపెనీల్లోనే జరిగే పొరపాటు కాదు. 1971లో అమెరికాలో లాక్‌హీడ్ కంపెనీ ట్రైస్టార్ అనే ప్యాసింజర్ విమానం తయారీ మధ్యలో ఉంది, ఆ విమానానికి ఇంజిన్ చేస్తున్న రోల్స్ రాయిస్ ఆ ఏడాది ఫిబ్రవరిలో దివాలా తీసింది, లాక్‌హీడ్ కూడా మునిగే పరిస్థితి వచ్చి 25 కోట్ల డాలర్ల అప్పుకి ప్రభుత్వ గ్యారంటీ అడిగింది. అప్పటికే ప్రాజెక్టు మీద సుమారు 100 కోట్ల డాలర్లు పోసేశారు, ఇప్పుడు ఆపితే అదంతా బూడిదలో పోసినట్టే అని ఒక పక్క, ఆ 100 కోట్ల మీద సరైన రాబడి రాదు కాబట్టి ఆపేయాలి అని ఇంకో పక్క వాదించారు. చివరికి సెనేట్‌లో 49-48తో, ఒక్క ఓటు తేడాతో గ్యారంటీ పాసైంది. చూడు, రెండు పక్షాలూ తిరుగుతున్నది ఆ పోయిన 100 కోట్ల చుట్టూనే. అడగాల్సింది ఇంకొకటి, విమానం పూర్తి చేయడానికి ఇక్కణ్ణుంచి ఇంకా ఎంత కావాలి, పూర్తయ్యాక అమ్మకాల మీద ఎంత వస్తుంది. మీ రిపోర్ట్‌లో కూడా అంతే.

ప్రశ్న: నేను ఒక తయారీ కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. పాత మెషిన్ తీసి కొత్తది పెట్టాలని ప్రొడక్షన్ వాళ్లు పట్టుపడుతున్నారు. కొత్తది 18 లక్షలు, 3 ఏళ్లు పనిచేస్తుంది, డిప్రిసియేషన్ (మెషిన్ ధరని అది పనిచేసే ఏళ్ల మీద పంచి పుస్తకాల్లో రాసే ఖర్చు) ఏడాదికి 6 లక్షలు, దానివల్ల ఏడాదికి 7 లక్షల ఖర్చు తగ్గుతుందట. 7లోంచి 6 తీస్తే 1 లక్ష, 25 శాతం పన్ను పోతే 75 వేలు. పాత మెషిన్ బుక్ వాల్యూ (కొన్న ధరలోంచి ఇప్పటిదాకా వేసిన డిప్రిసియేషన్ పోగా మిగిలింది) ఇంకా 6 లక్షలుంది, అమ్మితే 4 లక్షలే వస్తాయి, అంటే అక్కడ 2 లక్షలు నష్టం. 18 లక్షలు పెట్టి, 2 లక్షలు నష్టపోయి, ఏడాదికి 75 వేలు సంపాదించడం ఏంటండీ? వద్దని నోట్ రాసేశాను, ప్రొడక్షన్ మేనేజర్ నాతో మాట్లాడటం మానేశారు. నా లెక్కలో తప్పేమైనా ఉందా?

జవాబు: ఉందండి, మూడు చోట్ల ఉంది, ఒక్కోటి విప్పి చూద్దాం ఎందుకంటే మీరు ఇచ్చిన అంకెలతోనే నిర్ణయం తలకిందులవుతుంది.

మొదటిది, డిప్రిసియేషన్ డబ్బు కాదు. ఆ 6 లక్షలు ఎవరికీ ఇవ్వట్లేదు, మెషిన్ కొన్న రోజే 18 లక్షలు ఇచ్చేశాం, ఇప్పుడు మళ్లీ ఏడాదికి 6 చొప్పున తీస్తే అదే ఖర్చుని రెండుసార్లు లెక్కేసినట్టు. కానీ దాన్ని పూర్తిగా మర్చిపోకూడదు కూడా, అది పన్ను తగ్గిస్తుంది, ఆ తగ్గిన పన్ను మాత్రం నిజం డబ్బే. రెండోది, పాత మెషిన్ మీద కూడా మీరు డిప్రిసియేషన్ వేస్తున్నారు కదా, 6 లక్షల బుక్ వాల్యూ, ఇంకా 3 ఏళ్లు అంటే ఏడాదికి 2 లక్షలు, చివరికి దానికి విలువేం మిగలదు అనుకుంటున్నా. కొత్తది పెడితే ఆ 2 పోతుంది, 6 వస్తుంది, కాబట్టి పెరిగేది 4 లక్షలే. మూడోది, పాత మెషిన్ అమ్మకం నష్టం అనుకున్నారు కానీ క్యాష్ లెక్కలో అది రాబడి. 4 లక్షలు చేతికి వస్తాయి, పుస్తకాల్లో కనపడే 2 లక్షల నష్టం వల్ల పన్ను 50 వేలు తగ్గుతుంది.

ఇప్పుడు మళ్లీ మొదలుపెడదాం. ఈరోజు: కొత్త మెషిన్‌కి 18 పోయింది, పాతది అమ్మితే 4 వచ్చింది, పన్ను మిగిలింది అర లక్ష. కొత్త మెషిన్‌కి స్పేర్ పార్టులు వేరేవి కాబట్టి స్టాక్ ఒక 1 లక్ష అదనంగా ఉంచాలి అనుకుందాం, మీరు చెప్పలేదు కానీ మామూలుగా ఉంటుంది, స్టోర్స్ వాళ్లని అడగండి. మొత్తం ఈరోజు పోయేది 14.5 లక్షలు, మీరు అనుకున్న 20 కాదు.

ఏటా: ఖర్చు తగ్గింది 7, అదనపు డిప్రిసియేషన్ 4, పన్ను పడేది మిగతా 3 మీద, అంటే 75 వేలు. 7లోంచి ఆ 75 వేలు తీస్తే చేతిలో మిగిలేది 6.25 లక్షలు. మీ నోట్‌లో ఉన్న 75 వేలకీ దీనికీ ఎంత తేడా ఉందో చూడండి. (మీ లెక్కలో 75 వేలు లాభం, నా లెక్కలో 75 వేలు పన్ను, అంకె ఒకటే అయినా అది కేవలం కాకతాళీయం, కంగారు పడకండి.)

మూడో ఏడు చివర: కొత్త మెషిన్ అమ్మితే ఒక 3 లక్షలు వస్తాయనుకుందాం, బుక్ వాల్యూ అప్పటికి సున్నా కాబట్టి ఆ 3 మొత్తం మీద పన్ను 75 వేలు, మిగిలేది 2.25. స్పేర్ పార్టుల స్టాక్‌లో పెట్టిన లక్ష వెనక్కి వస్తుంది. మొత్తం 3.25.

12 శాతం డిస్కౌంట్ రేటుతో (పెట్టిన డబ్బు మీద ఏడాదికి కనీసం రావాల్సిన రాబడి అనుకోండి) చూస్తే ఏటా వచ్చే 6.25కి ఈరోజు విలువ దాదాపు 15 లక్షలు, చివరి 3.25కి 2.3 లక్షలు, కలిపి 17.3. పెట్టేది 14.5. అంటే ఎన్‌పీవీ దగ్గర దగ్గర 2.8 లక్షలు, ప్లస్. మెషిన్ కొనాలి.

ఇంతటితో ఆపొద్దు. మీరు ఉత్తరంలో రాయని విషయం ఒకటుంది, కొత్తది కొనకపోతే పాత మెషిన్ పరిస్థితి ఏంటి? మీ లెక్కలో అది ఇంకో 3 ఏళ్లు ఇలాగే నడుస్తుంది అన్నట్టు ఉంది. ప్రొడక్షన్ మేనేజర్ ఎందుకు అంత పట్టుపడుతున్నారో ఎప్పుడైనా షాప్ ఫ్లోర్‌కి వెళ్లి ఆ మెషిన్ పక్కన నిలబడి చూశారా? నేను ఇలాంటిదే ఒకటి చూశాను, అకౌంట్స్ పుస్తకంలో మెషిన్ బ్రహ్మాండంగా ఉంది, అక్కడికి వెళ్తే కింద ఆయిల్ కారకుండా ట్రే పెట్టారు, ఆ ట్రేని షిఫ్టుకి రెండుసార్లు ఒంపుతున్నారు, బేరింగ్ మార్చాలంటే 2 రోజులు లైన్ ఆపాలి. ఒకవేళ మీ పాత మెషిన్‌కి రెండో ఏడాది చివర 2 లక్షలు పెట్టి ఓవర్‌హాల్ చేయాల్సి ఉంటే, కొత్తది కొనడం వల్ల ఆ ఖర్చు తప్పుతుంది, పన్ను పోగా 1.5 లక్షలు, ఈరోజు విలువలో సుమారు 1.2. అప్పుడు ఎన్‌పీవీ 4 లక్షలు. "లేకపోతే" వరస మీ టేబుల్ మీద దొరకదు, దానికోసం ఆయనతో మాట్లాడాల్సిందే, కాబట్టి ఆ మాటలు మీరే మొదలుపెట్టండి.

పన్ను గురించి ఒక జాగ్రత్త. అమ్మకం నష్టం మీద పన్ను తగ్గడం అన్నది కంపెనీకి వేరే లాభాలుంటేనే వెంటనే వర్తిస్తుంది. కొన్ని దేశాల పన్ను చట్టాల్లో ఒకే రకం మెషిన్లన్నిటినీ ఒక బ్లాక్‌గా చూస్తారు, అక్కడ ఒక్క మెషిన్ అమ్మితే విడిగా నష్టం చూపించడం కుదరదు, అమ్మిన డబ్బు బ్లాక్ విలువలోంచి తగ్గుతుంది. డిప్రిసియేషన్ కూడా మీ పుస్తకాల్లో వేసేది కాకుండా పన్ను లెక్కకి వేసేది తీసుకోవాలి, రెండూ చాలాసార్లు వేరు.

ప్రశ్న: మా షెడ్డు ఒకటి 2 ఏళ్లుగా ఖాళీగా ఉంది, అందులో కొత్త యూనిట్ పెడదామని మా అన్నయ్య, అద్దె ఎటూ కట్టక్కర్లేదు కాబట్టి ఆ ఖర్చు సున్నా అంటాడు. మళ్లీ ఆయనే హెడ్ ఆఫీస్ ఖర్చుల్లో సేల్స్ మీద 4 శాతం ఈ యూనిట్ నెత్తిన వేయాలంటాడు. నాకు రెండూ తేడాగా అనిపిస్తున్నాయి, చెప్పలేకపోతున్నా. (కుటుంబ వ్యాపారంలో ఉన్న పాఠకురాలు)

జవాబు: మీకు అనిపించింది నిజమే. మీ అన్నయ్య గారు డబ్బు పోయే చోట సున్నా వేసి, పోని చోట 4 శాతం వేస్తున్నారు.

షెడ్డు సొంతదే, నిజమే, కానీ కొత్త యూనిట్ పెట్టకపోతే ఆ షెడ్డుతో ఏం చేస్తారు? అద్దెకిచ్చే అవకాశం ఉంటే ఆ అద్దె, పన్ను పోగా, కొత్త యూనిట్ మోయాల్సిన ఖర్చు. అమ్మేసే ఉద్దేశం ఉంటే ఈరోజు వచ్చే రేటు, అమ్మకం మీద పన్ను పోగా, పెట్టుబడిలో కలపాలి, చివర్లో ఎంతకి అమ్మవచ్చో అది వెనక్కి వచ్చినట్టు వేసుకోవాలి. ఎప్పుడో కొన్న రేటుతో సంబంధం లేదు. నిజంగా ఎవరూ అడగరు, మీకూ వేరే అవసరం రాదు అంటే అప్పుడు సున్నా ఒప్పుకుంటాను, కానీ "వేరే అవసరం రాదు" అన్న మాట నమ్మే ముందు ఒకటి చెప్తా.

నేను మొదట్లో పనిచేసిన ఒక కంపెనీలో సగం ఖాళీగా ఉన్న గోడౌన్‌లో కొత్త ప్రొడక్టు స్టాక్ పెట్టారు, ప్రాజెక్టు కాగితంలో గోడౌన్ ఖర్చు సున్నా. రెండో ఏడు పాత వ్యాపారం పెరిగింది, దాని స్టాక్‌కి చోటు లేదు, ఊరవతల ఇంకో గోడౌన్ అద్దెకి తీసుకున్నారు. ఆ అద్దె పాత వ్యాపారం ఖాతాలో రాశారు, లారీల తిరుగుడు ఖర్చు కూడా దాని ఖాతాలోనే. మీటింగుల్లో కొత్త ప్రొడక్టు వాళ్లకి మెప్పు, పాత డివిజన్ వాళ్లకి చీవాట్లు. అక్కడ కూర్చుని వింటుంటే చాలా బాధేసేది, ఎందుకంటే కొత్త ప్రొడక్టు రాకపోతే ఆ అద్దె గోడౌన్ అవసరం ఇంకో మూడు నాలుగేళ్లకి కానీ వచ్చేది కాదు. ఖాళీ స్థలం ఈరోజు ఉచితం, రేపు కాదు, మీరు ఏ ఏడాది ఆ షెడ్డు పాత వ్యాపారానికి కావాల్సి వస్తుందో అంచనా వేసి అక్కణ్ణుంచి అద్దె వేయండి.

హెడ్ ఆఫీస్ 4 శాతం సంగతి తేలిక. యూనిట్ పెట్టినందువల్ల హెడ్ ఆఫీస్‌లో నిజంగా ఏం పెరుగుతుంది, ఒక గుమాస్తానా, ఇంకో సాఫ్ట్‌వేర్ లైసెన్సా, ఆడిట్ ఫీజు కొంచెమా, అవి రాయండి. పైఅంతస్తు కరెంటు బిల్లు, డైరెక్టర్ల జీతాలు ఈ యూనిట్ ఉన్నా లేకపోయినా అంతే కదా. ఖర్చులు పంచుకోవడం పుస్తకాల పద్ధతి, దానివల్ల కంపెనీలోంచి కొత్తగా డబ్బేం బయటికి పోదు.

ప్రశ్న: ప్రాజెక్టుకి బ్యాంకు లోన్ తీసుకుంటున్నాం, వడ్డీ ఖచ్చితంగా జేబులోంచి పోయే డబ్బే కదా, మరి క్యాష్ ఫ్లోలోంచి వడ్డీ తీయొద్దని ఎందుకంటారు?

జవాబు: ఎందుకంటే డిస్కౌంట్ రేటు ఆ పని ఇప్పటికే చేస్తోంది. చిన్న లెక్క చూడండి. 10 లక్షలు అప్పు, 10 శాతం వడ్డీ, ఆ డబ్బుతో ప్రాజెక్టు పెడితే ఏడాదికి 11.5 లక్షలు వస్తాయి, అంతే. బ్యాంకుకి 11 కట్టేస్తే అర లక్ష మీకు మిగులుతుంది, అంటే ప్రాజెక్టు మంచిదే, దీనికి ఫైనాన్స్ చదవక్కర్లేదు. 11.5ని 10 శాతంతో డిస్కౌంట్ చేస్తే 10.45, 10 తీసేస్తే సుమారు 45 వేలు ప్లస్. ఇప్పుడు మీరన్నట్టు వడ్డీ 1 లక్ష తీసి 10.5ని డిస్కౌంట్ చేయండి, 9.55 వస్తుంది, 45 వేలు మైనస్! అర లక్ష మిగిల్చే ప్రాజెక్టు నష్టంలా కనపడింది, వడ్డీని పైనా కిందా రెండు చోట్ల కోసినందుకు. వడ్డీ మీద వచ్చే పన్ను ఆదా కూడా అంతే, దాన్ని డిస్కౌంట్ రేటులో చూసుకున్నాక క్యాష్ ఫ్లోలో మళ్లీ కలపకూడదు.

ప్రశ్న: వర్కింగ్ క్యాపిటల్ (స్టాకులోనూ, కస్టమర్ల బాకీల్లోనూ ఇరుక్కునే డబ్బు) ప్రాజెక్టు చివర్లో మొత్తం తిరిగి వచ్చేస్తుంది అని చదివాం. పెట్టింది పెట్టినట్టు తిరిగొస్తే అది ఖర్చెలా అవుతుంది? ఇంకో డౌట్, ఏటా వర్కింగ్ క్యాపిటల్ మొత్తం తీసేయాలా, పెరిగినంతే తీయాలా?

జవాబు: రెండో డౌట్ ముందు. పెరిగినంతే తీయాలి, తగ్గితే తగ్గినంత కలపాలి. ఇది చాలా పరీక్ష పేపర్లలోనూ, అంతకంటే బాధాకరంగా అసలు ప్రాజెక్టు రిపోర్టుల్లోనూ తప్పు పోతుంది.

ఒక ప్రాజెక్టులో సేల్స్ నాలుగేళ్లు 40, 60, 60, 30 లక్షలు, ఆ తర్వాత మూసేస్తారు అనుకోండి. స్టాకు కొనాలి, అప్పుకి అమ్మిన సరుకు డబ్బు రావడానికి టైం పడుతుంది, సప్లయర్లు మనకిచ్చే అప్పు పోగా నికరంగా రాబోయే ఏడాది సేల్స్‌లో 20 శాతం ఇరుక్కుని ఉంటుంది అనుకుందాం. ఈరోజు 8 లక్షలు ఉండాలి, మొదటి ఏడు చివరికి 12, రెండో ఏడు చివర కూడా 12, మూడో ఏడు చివర 6, నాలుగో ఏడు చివర సున్నా. ఇవి నిల్వలు. క్యాష్ ఫ్లో అంటే వీటి మధ్య తేడా, ఈరోజు 8 పోయింది, మొదటి ఏడు ఇంకో 4 పోయింది, రెండో ఏడు ఏం లేదు, మూడో ఏడు 6 వచ్చింది, నాలుగో ఏడు 6 వచ్చింది. కూడితే సున్నా, మీరన్నట్టు పెట్టిందంతా తిరిగొచ్చింది.

కానీ 12 శాతంతో డిస్కౌంట్ చేయండి, పోయినవి ఈరోజు విలువలో 11.57, వచ్చినవి 8.08. తేడా దాదాపు 3.5 లక్షలు. అదే దాని ఖర్చు. మీ డబ్బు నాలుగేళ్లు గోడౌన్‌లోనూ కస్టమర్ల దగ్గరా కూర్చుంది, ఆ కాలంలో ఇంకెక్కడా సంపాదించలేదు. పైగా "మొత్తం" తిరిగొస్తుంది అన్నది కూడా పుస్తకం మాట, చివర్లో అమ్ముడుపోని స్టాకు సగం ధరకి పోతుంది, కొంతమంది కస్టమర్లు ఎగ్గొడతారు, నేనైతే చివరి ఏడాది రికవరీలో కొంత కోసే వేస్తాను.

ఇంకోటి, సేల్స్ కన్నా డబ్బు ఆలస్యంగా వస్తుంది అన్న విషయాన్ని ఈ వర్కింగ్ క్యాపిటల్ లైనే మోస్తోంది. మీరు బాకీలు వసూలైనప్పుడే రాబడి అని రాసుకుని, మళ్లీ వర్కింగ్ క్యాపిటల్ పెరుగుదల కూడా తీసేస్తే ఒకే ఆలస్యానికి రెండుసార్లు శిక్ష వేసినట్టు. ఏదో ఒక పద్ధతే పట్టుకోండి.

ప్రశ్న: మా కంపెనీ కొత్త మోడల్ తెస్తోంది, ఏడాదికి 1000 అమ్ముతాం, ఒక్కోదాని మీద 900 మిగులుతుంది. ఇందులో 300 మంది మా పాత మోడల్ కొనేవాళ్లే ఇటు తిరుగుతారు. ఆ నష్టం ఎలా వేయాలి? మా మార్కెటింగ్ హెడ్ గారు అది అసలు వేయొద్దంటున్నారు.

జవాబు: పాత మోడల్ మీద ఒక్కోదానికి ఎంత మిగులుతుందో రాయలేదు, 700 అనుకుంటాను. మిగులు అంటే ధరలోంచి తయారీకి, అమ్మకానికి ఒక్కో పీసు మీద అయ్యే ఖర్చు తీసేశాక ఉండేది. కొందరు పాత మోడల్ ధర మొత్తం నష్టం కింద రాస్తారు, అది తప్పు, అమ్మకపోతే దాని తయారీ ఖర్చు కూడా తప్పుతుంది కదా. కొత్తది తెచ్చేది 9 లక్షలు, పోగొట్టేది 300 సార్లు 700 అంటే 2.1 లక్షలు, నికరం 6.9 లక్షలు. మామూలు జవాబు ఇది.

కానీ మీ మార్కెటింగ్ హెడ్ గారు ఎందుకలా అన్నారో అడిగారా? ఆయన మనసులో బహుశా ఇది ఉంది, మనం తేకపోతే పోటీ కంపెనీ ఇలాంటిదే తెస్తుంది, ఆ 300 మందిలో 200 మంది అటు పోతారు. అదే నిజమైతే ఆ 200 అమ్మకాలు ప్రాజెక్టు ఉన్నా లేకపోయినా పోయేవే, మీ కొత్త మోడల్ వల్ల పోయేది 100 మాత్రమే, అంటే 70 వేలు, నికరం 8.3 లక్షలు. 6.9కీ 8.3కీ మధ్య తేడా మొత్తం "లేకపోతే" వరసలో మీరు ఏం రాస్తారన్న దానిమీదే ఉంది.

దీనికి కోడాక్ కథ చాలామంది చెప్తారు, నేనూ చెప్తాను కానీ కొంచెం జాగ్రత్తగా. 1975లో కోడాక్ ఇంజనీర్ స్టీవెన్ సాసన్ డిజిటల్ కెమెరా తయారు చేసి చూపించారు. ఫిల్మ్ అమ్మకాల మీద బతికే కంపెనీకి ఫిల్మ్ అక్కర్లేని కెమెరా అంటే భయమే, ఆ భయం దాన్ని చాలాకాలం వెనక్కి లాగింది. 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది. దివాలాకి ఇదొక్కటే కారణం అనను, మధ్యలో కోడాక్ డిజిటల్ కెమెరాలు చాలానే అమ్మింది, వాటి మీద ఫిల్మ్ మీద వచ్చినంత లాభం రాలేదు అంతే. కానీ లెక్క వేసే పద్ధతి వరకు చూస్తే, డిజిటల్ ప్రాజెక్టు పక్కన "పోయే ఫిల్మ్ అమ్మకాలు" అని ఇప్పటి స్థాయిలోనే ఏళ్ల తరబడి వేసుకుంటూ పోతే ఏ కొత్త ప్రాజెక్టూ పాస్ కాదు. మీరు చేయకపోయినా ఆ అమ్మకాలు పడిపోతూనే ఉంటాయి, ఆ పడిపోయే గీత వేసి, దాని మీద మీ ప్రాజెక్టు ఇంకెంత తగ్గిస్తుందో అంతే తీయాలి.

అలాగని పోటీవాడు వస్తాడు అన్న ఒక్క మాటతో నష్టం మొత్తం చెరిపేయనివ్వకండి. ఎప్పుడు వస్తాడు, అంత పని చేయగల సత్తా ఉందా, వచ్చినా మన కస్టమర్లలో ఎంతమందిని లాగుతాడు, ఇవి ఏడాదివారీగా రాసి ఇవ్వమని ఆయన్నే అడగండి. మొదటి ఏడాదిలోనే 200 మంది పోతారు అంటే నేను నమ్మను, ఆ ఏడాది పూర్తి 2.1 లక్షలూ వేసి తర్వాత ఏళ్లలో తగ్గించుకుంటూ వెళ్తాను. కొత్త మోడల్ వల్ల మీ వేరే సరుకులు, విడిభాగాలు, సర్వీసు ఏమైనా ఎక్కువ అమ్ముడుపోతే అది కూడా కలపండి, నష్టం రాసినప్పుడు లాభం కూడా రాయాలి కదా.

ప్రశ్న: క్యాష్ ఫ్లోలు ఈరోజు ధరల్లో వేయాలా, పెరగబోయే ధరల్లో వేయాలా?

జవాబు: రెండింటిలో ఏదైనా సరే, డిస్కౌంట్ రేటు కూడా అదే రకం అయి ఉండాలి. బ్యాంకు రేట్లు చూసి తెచ్చుకున్న 12 శాతంలో ధరల పెరుగుదల ఇప్పటికే కలిసి ఉంటుంది. ఈరోజు ధరల్లో 10 లక్షలు ఉండే రాబడి, ధరలు ఏటా 5 శాతం పెరిగితే ఐదో ఏడు 12.76 లక్షలు అవుతుంది, దాన్ని 12తో డిస్కౌంట్ చేస్తే 7.24. అలా పెంచకుండా 10నే 12 శాతంతో డిస్కౌంట్ చేస్తే 5.67, దూరంగా ఉన్న రాబడి అన్యాయంగా కుంగిపోతుంది, ఎక్కువ కాలం నడిచే ప్రాజెక్టులు ఇలాగే పక్కకి పోతాయి. ఈరోజు ధరల్లోనే ఉంచాలనుకుంటే రేటు 1.12ని 1.05తో భాగించి తెచ్చుకోండి, 6.67 శాతం వస్తుంది, దాంతో చూసినా అదే 7.24.

నేనైతే పెరగబోయే ధరల్లోనే వేయమంటాను, డిప్రిసియేషన్ కోసం. అది కొన్న రోజు ధర మీద వేసేది, ధరలతో పాటు పెరగదు, మిగతావన్నీ పెంచి దాన్ని మాత్రం అలాగే వదిలేయాలి, జీతాలు ఒక రేటున ముడిసరుకు ఇంకో రేటున పెరుగుతాయంటే అది కూడా ఈ పద్ధతిలో విడివిడిగా చూపించవచ్చు.